తప్పు ఆయనదే, కాలు మాత్రం మనది



ఈ పేజీలో నేను రాయవలసింది పదో తరగతి ఫిజికల్ సైన్సు రివిజన్ గురించి. దాన్ని వచ్చే నెలకు జరపమని ఎడిటరు గారిని అడిగాను. కారణం మొన్న ఒక శనివారం సాయంత్రం భీమడోలు సెంటర్లో జరిగింది, లేదా జరగబోయి ఆగింది.

నేను భీమడోలు వాడిని. మా ఇల్లు సెంటరు దాటాక పూళ్ళ వైపు. రోజూ ఏలూరు బ్రాంచికి బైకు మీద వచ్చి వెళతాను, పోను సుమారు ఇరవై కిలోమీటర్లు, రాను ఇరవై. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి వెనక కూర్చుంటుంది. ఆ రోజు ఇంటికి వెళుతున్నాం. ద్వారకా తిరుమల రోడ్డు కలిసేచోటు మీకు తెలుసు కదా. ఎదురుగా గూడెం వైపు నుంచి ఒక తెల్ల కారు వస్తోంది. కుడివైపు ఇండికేటరు లేదు. డ్రైవరు సీట్లో ఉన్నాయన తల ఎత్తి నేరుగా నా వైపు చూశాడు. చూశాడు కాబట్టి ఆగుతాడనుకున్నాను. ఆగలేదు. చిన్న తిరుపతి వైపు కుడికి తిప్పేశాడు, సరిగ్గా నా ముందు నుంచి.

నేను అప్పటికే వేగం తగ్గించి ఉండబట్టి బండి ఆయన తలుపుకి రెండు అడుగుల దూరంలో ఆగింది. మా అమ్మాయి హెల్మెట్ వచ్చి నా హెల్మెట్‌కి తగిలింది, అంతే. ఆయన అద్దం దించి, "అయ్యో మాస్టారూ, చూసుకోలేదండీ" అన్నాడు. ఆయన చేతిలో ఫోన్ ఉంది, ఫోన్లో దారి చూపే మ్యాపు ఉంది. వెనక సీట్లో మొక్కు తీర్చడానికి తీసుకెళుతున్న చిన్న బాబు, వాళ్ల అమ్మమ్మ కాబోలు. నాకు కోపం రాలేదు అంటే అబద్ధం. కానీ ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే ఆయన నిజమే చెప్పాడనిపించింది. కళ్లు నా మీద పడ్డాయి, నేను మాత్రం ఆయనకు కనబడలేదు.

ఇది ఆయన ఒక్కడి జబ్బు కాదు. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో జరిగిన 900 మోటారు సైకిల్ ప్రమాదాలను స్వయంగా వెళ్లి పరిశీలించి 1981లో నివేదిక ఇచ్చింది. వేరే వాహనంతో జరిగిన ప్రమాదాల్లో సుమారు మూడింట రెండు వంతులు ఆ రెండో వాహనం వాళ్లు దారి ఇవ్వకపోవడం వల్లే జరిగాయని తేల్చింది. అందులో ముందు వరుసలో ఉన్నది ఏమిటో తెలుసా? ఎదురుగా వస్తున్న కారు బైకుకు అడ్డంగా తిరగడం. అక్కడ కుడివైపు నడుపుతారు కాబట్టి ఎడమకు తిరిగే కారు, మన దగ్గర కుడికి తిరిగే కారు. లాస్ ఏంజెలెస్‌కీ భీమడోలుకీ చుట్టరికం ఉందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

ఎందుకు కనబడం? కొంత కన్ను చేసే పని. చూపు ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతేటప్పుడు మధ్యలో ఉన్నది మెదడుకు సరిగా చేరదు. కొంత కారు చేసే పని. ముందు అద్దానికి అటూ ఇటూ ఉండే స్తంభం వెనక ఒక బైకు, దాని మీద ఇద్దరు మనుషులు నిక్షేపంగా దాక్కోగలరు. ఇంకొంత అలవాటు. కారు నడిపే మనిషి తనకు దెబ్బ తగిలించగల వాటి కోసం వెతుకుతాడు, అంటే లారీ, బస్సు, ఇంకో కారు. ఆ జాబితాలో మనం లేం. 2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్లకు పగలు కూడా హెడ్‌లైట్ వెలిగే ఏర్పాటు తప్పనిసరి చేసింది ఇందుకే. "బాబూ, లైటు వెలుగుతోంది" అని దారిన పోయే ప్రతివాళ్లూ చెయ్యి ఊపి చెప్పిన రోజులు గుర్తున్నాయా?

ఇక్కడ ఒక తండ్రితో నాకు జరిగిన వాదన చెప్పాలి. "రూల్సు తప్పేది కారువాళ్లయితే జాగ్రత్తలు మాకు చెబుతారేంటి మాస్టారూ?" అని నిలదీశారాయన. న్యాయమైన మాటే. తప్పు ఎవరిదో పోలీసు స్టేషన్లో తేలుతుంది, కోర్టులో తేలుతుంది. కానీ ఆ లోపల రోడ్డు మీద తేలవలసింది వేరే ఉంది. కారుకి బంపరు ఉంది, బెల్టు ఉంది, గాలి సంచులు ఉన్నాయి. మనకున్న బంపరు మోకాలిచిప్ప. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లే. వాళ్లలో తప్పు లేనివాళ్లు ఎందరో ఎవరు చెప్పగలరు? తప్పు లేదన్న సంగతి వాళ్ల పిల్లలకు ఏ మాత్రం అక్కరకు వచ్చిందో కూడా.

అందుకని నేను పెట్టుకున్న పద్ధతి ఒకటే. రోడ్డెక్కాక నేను ఎవరికీ కనబడనని అనుకుని నడుపుతాను. ఎదుటివాడి కళ్లలోకి చూసి నమ్మడం ఆ శనివారంతో మానేశాను. ముఖం చూడను, ముందు చక్రం చూస్తాను. కారు కదలబోయే ముందు చక్రం చెబుతుంది, అది అబద్ధం చెప్పదు. ఇండికేటరు వేసినవాడు తిరుగుతాడనీ లేదు, వేయనివాడు తిరగడనీ లేదు. ఎదురుగా వచ్చే కారు లైటు కొడితే "మీరు వెళ్లండి" అని కాదు, మన జిల్లాలో దానర్థం "నేను వస్తున్నాను" అని. కారు వెనక వెళుతుంటే దాని పక్క అద్దంలో డ్రైవరు ముఖం నాకు కనబడాలి. కనబడలేదంటే నేనూ ఆయనకు కనబడటం లేదు. ఆ చోటు నుంచి ముందుకైనా పోవాలి, వెనక్కైనా తగ్గాలి, అక్కడే వేలాడకూడదు.

వేగం సంగతి క్లాసులో చెప్పినట్టే చెబుతాను, విసుక్కోకండి. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ప్రమాదం చూసి బ్రేకు పట్టుకునేసరికి ఒక సెకను పోతుంది, అంటే 17 మీటర్లు ఏమీ చేయకుండానే పోయాయి. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులున్నా ఆగడానికి ఇంకో 23 మీటర్లు, మొత్తం 40. అదే 40 వేగంలో లెక్క కట్టండి, మొత్తం 21 వస్తుంది. వేగం మూడో వంతు తగ్గితే దూరం సగమైంది. ఆ శనివారం నన్ను కాపాడింది ఈ లెక్కే. సెంటరు దగ్గరికి వస్తూనే చెయ్యి యాక్సిలరేటరు మీద నుంచి తీసి, వేళ్లు బ్రేకు మీద పెట్టుకున్నాను. ఇప్పుడు అవతలి వైపు చూడండి. ఫోన్లో మ్యాపు చూడటానికి మూడు సెకన్లు తల దించిన మనిషి 60 వేగంలో 50 మీటర్లు గుడ్డిగా వస్తాడు.

బ్రేకుల గురించి మన దగ్గర ఒక మూఢనమ్మకం ఉంది. ముందు బ్రేకు పడితే పల్టీ కొడతామని. దాంతో కాలి బ్రేకు ఒక్కటే తొక్కి బండిని పక్కకు జార్చుకుంటాం. హర్ట్ నివేదికలోనూ ఇదే కనబడింది, చాలామంది వెనక బ్రేకు అతిగా, ముందు బ్రేకు తక్కువగా వాడారని. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. అందువల్ల ఆపే బలం కూడా ఎక్కువ అక్కడే ఉంటుంది. బండి నిటారుగా ఉన్నప్పుడు రెండూ కలిపి, ముందుది గుంజకుండా నెమ్మదిగా బిగిస్తూ పట్టుకోవాలి. ఆదివారం పొద్దున్న ఖాళీ స్థలంలో పదిసార్లు సాధన చేయండి. నలభై ఐదేళ్ల వయసులో నేను చేశాను. చూసినవాళ్లు నవ్వారు, ఏం పోయింది?

అయితే పైన నేను కట్టిన లెక్క పొడి రోడ్డుకి. మనది కొల్లేటి పక్క. చేపల లారీలు ఐసు కరిగిన నీళ్లు కార్చుకుంటూ పోతాయి. ఆ నీటి చార మీద బ్రేకు వేస్తే ఏ లెక్కా పనిచేయదు. మలుపుల దగ్గర లారీ ఎక్కువగా కారుస్తుంది, సరిగ్గా మనం బండి వంచేది కూడా అక్కడే. కోతల కాలంలో ధాన్యం రోడ్డు మీదే ఎండుతుంది. గింజలకన్నా వాటి అంచున పెట్టి మర్చిపోయిన రాళ్లు ప్రమాదం, చీకటి పడితే అవి కనబడవు. రైతులను తప్పుపట్టడం లేదు, ఆరబెట్టుకునే కళ్లాలు లేకపోతే వాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు? ధనుర్మాసం పొగమంచులో స్పెషల్ క్లాసులకు పిల్లల్ని దింపేవాళ్లు పది నిమిషాలు ఆలస్యంగా బయల్దేరండి. క్లాసు టీచరుకి నేను చెబుతాను.

ఇసుక కూడా అంతే. సినీ నటుడు సాయి ధరమ్ తేజ్ 2021 సెప్టెంబర్ 10 రాత్రి హైదరాబాద్‌లో దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దగ్గర జారిపడింది రోడ్డు మీది ఇసుక వల్లే అన్నారు. కాలరు ఎముక విరిగింది. తలకు హెల్మెట్ ఉంది. అంత పెద్ద బైకుకే ఇసుక మీద పట్టు దొరకలేదు, మన స్కూటీ ఎంత?

రైల్వే గేటు గురించి రాయకపోతే భీమడోలు వాళ్లు నన్ను ఊళ్లోకి రానివ్వరు. గేటు పడగానే రెండు వైపులా బళ్లు రోడ్డు మొత్తం ఆక్రమిస్తాయి. గేటు లేచాక ఎవరికి దారి ఉంటుంది? 2023 మార్చి నెలాఖర్లో సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళుతున్న దురంతో ఎక్స్‌ప్రెస్ మన గేటు దగ్గర పట్టాల మీద ఉన్న బొలెరోను గుద్దింది. అందులోని వాళ్లు దిగి పరుగెత్తబట్టి బతికారు. గేటు దగ్గర నేను ఎడమ పక్కనే ఆగుతాను, ముందు బండికి మీటరు ఎడం ఉంచుతాను, గేరులోనే ఉంచి వెనక అద్దం చూస్తుంటాను. ఆ ఎడంలోకి వెంటనే ఎవరో దూరుతారు. దూరనివ్వండి, మళ్లీ వెనక్కి జరగండి.

కార్లలో వచ్చే తల్లిదండ్రులకు రెండు మాటలు. మీలో చాలామంది నిన్న మొన్నటిదాకా బైకు మీద వచ్చినవాళ్లే, కాబట్టి చనువుగా చెబుతున్నాను. స్కూలు గేటు దగ్గర తలుపు తీసేటప్పుడు కుడి చేత్తో కాకుండా ఎడమ చేత్తో తీయండి. అప్పుడు ఒళ్లు దానంతట అదే కుడికి తిరుగుతుంది, వెనక వచ్చే బండి కనబడుతుంది. నెదర్లాండ్స్‌లో సైకిళ్లవాళ్ల కోసం ఈ అలవాటు నేర్పుతారు. పిల్లల్ని మాత్రం ఎప్పుడూ ఎడమవైపే దింపండి. కుడికి తిరిగేటప్పుడు ఒకసారి చూసి ఊరుకోకండి, తల కాస్త ముందుకు వంచి రెండోసారి చూడండి. ఆ స్తంభం వెనక మా అమ్మాయి ఉండొచ్చు.

బైకు మీద పిల్లల్ని తెచ్చేవారికి కొంచెం కఠినంగా చెప్పాలి. చాలామంది నాన్నలు తాము హెల్మెట్ పెట్టుకుని, యూకేజీ పిల్లాణ్ణి ట్యాంకు మీద ఉత్త తలతో కూర్చోబెట్టుకుని వస్తున్నారు. పోలీసు కనబడితే రాసే చలానా గుర్తుంది కానీ బండి ఆగిపోతే ముందు ఎగిరేది ఎవరో గుర్తు లేదు. చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలి. నాలుగేళ్ల లోపు పిల్లల విషయంలో 2023 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ఇంకా గట్టిది. పెద్దవాళ్లకు కట్టి ఉంచే బెల్టు ఉండాలి, తలకు రక్షణ ఉండాలి, వేగం 40 దాటకూడదు. 2022లో హెల్మెట్ లేక చనిపోయినవారిగా లెక్కకు వచ్చిన 50,029 మందిలో 14,337 మంది నడిపినవాళ్లు కారు, వెంట కూర్చున్నవాళ్లు.

ఇంటర్‌లో చేరాడని అబ్బాయికి బండి తాళాలు ఇచ్చేవారికి కూడా. పద్దెనిమిది నిండకుండా గేరు బండి లైసెన్సు రాదు. 2019 సవరణ తర్వాత మైనరు నడిపి దొరికితే 25,000 రూపాయల జరిమానా, మూడేళ్లదాకా జైలు తండ్రికో బండి యజమానికో పడవచ్చు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. కానీ నా బాధ జరిమానా గురించి కాదు. ఎదుటివాడు చూసినా చూడలేదని అర్థం చేసుకోవడానికి నాకు ఇరవై ఏళ్లు పట్టింది. వాడికి ఇంకా ఎవరూ ఆ సంగతి చెప్పలేదు.

మా ఇంట్లో ఈ మధ్య ఒక ఆట మొదలైంది. వెనక కూర్చుని మా అమ్మాయి ముందున్న కార్లు ఏం చేస్తాయో చెబుతుంది. "నాన్నా, ఆ ఎర్ర కారు తిరుగుతుంది, చక్రం కదిలింది." "ఆ ఆంటీ ఫోన్ చూస్తున్నారు." నిన్న గుండుగొలను దగ్గర మూడింటికి రెండు సరిగ్గా చెప్పింది. మూడోది నేనూ తప్పే చెప్పాను.