నీళ్ళలో సిఫారసు చెల్లదు

సావనీరుకు ఏదైనా వ్యాసం ఇమ్మని మన యూనియన్ కార్యదర్శి మూడుసార్లు మా గదికి వచ్చారు. నిరుద్యోగం మీద, పరీక్షల విధానం మీద, హాస్టలు సాంబారు మీద రాసేవాళ్ళు ఎలాగూ ఉన్నారు. నేను స్కూబా డైవింగ్ మీద రాస్తానంటే ఆయనకు నవ్వాగలేదు. "జనగామ దిక్కు తాగనీకే నీళ్ళు చాలవు, నీకు సముద్రం ముచ్చటెందుకే?" అన్నారు. నవ్వండి మిత్రులారా, కాని చివరిదాకా చదివి నవ్వండి.

మా ఊరు జనగామకు దగ్గర. మా వైపు వ్యవసాయ బావులు లోతు. వీపుకు బెండ్లు కట్టి మమ్మల్ని బావిలోకి తోసేవాళ్ళు. చేతులు సాగేకొద్దీ ఒక్కొక్క బెండు తీసేసేవారు. చివరి బెండు తీసేముందు మా పెదనాయన గట్టు మీద నిలబడి "అటు దరి ముట్టి రా, మల్ల పో, మల్ల రా" అని ఆయాసం వచ్చేదాకా తిప్పేవాడు. ఆ పరీక్షకు గైడు లేదు, కాపీ లేదు, మార్కుల మెమో లేదు. తప్పితే తేలేది శవమే కనుక పెదనాయన ఎవరి కొడుకునూ ఊరికే పాస్ చేయలేదు.

రెండేళ్ళ క్రితం సెలవుల్లో నలుగురం విశాఖపట్నం వెళ్ళాం. అక్కడి తీరంలో ఒక చోట స్కూబాకు తీసుకెళ్తామన్నారు. ఈత రాకపోయినా ఫరవాలేదు, శిక్షకుడు పట్టుకుని ఉంటాడన్నారు. డబ్బు కట్టాక ఇంగ్లీషులో ఒక ఫారం చేతికిచ్చారు. ఉబ్బసం ఉందా? గుండె జబ్బు ఉందా? చెవికి ఆపరేషన్ అయిందా? 'ఉంది' అంటే డాక్టరు సంతకం తేవాలి. 'లేదు' అంటే నేరుగా పడవ ఎక్కవచ్చు. మాలో మానుకోట మిత్రునికి చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. అతను పెన్ను పట్టుకుని ఆగిపోయాడు. "లేదని కొట్టురా, పైసలు బోతయ్" అన్నది నేనే. అతను కొట్టాడు.

నీళ్ళలోకి దిగిన కొద్ది నిమిషాలకే అతనికి రొమ్ము పట్టేసింది. శిక్షకుడు కనిపెట్టి మెల్లగా పైకి తెచ్చాడు. పడవలో గంటసేపు ఈలలాంటి ఊపిరితో పడుకున్నాడు. మేం జోకులు వేశాం. గదికి వచ్చి ఆ ప్రశ్న అసలు ఎందుకు అడుగుతారో చదివిన తరువాత నాకు నిద్ర పట్టలేదు.

పది మీటర్ల లోతున వత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెట్టింపు. అక్కడ సిలిండరు నుంచి గుండెల నిండా పీల్చిన గాలి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే, రెట్టింపు చోటు అడుగుతుంది. ఊపిరితిత్తులు ఆ చోటు ఇవ్వలేవు, చిరుగుతాయి. అందుకే స్కూబాలో మొదటి పాఠం ఊపిరి ఎన్నడూ బిగబట్టవద్దని. మరి ఉబ్బసం మనిషికి లోపలి గొట్టాలు మూసుకుపోతే, తాను బిగబట్టకపోయినా గాలి అక్కడే చిక్కుకుంటుంది. ఫారంలో నేను కొట్టించిన ఆ ఒక్క గీత అర్థం ఇది!

పూర్తి కోర్సు వేరే సంగతి. పాడీ అనే అంతర్జాతీయ సంస్థ ప్రాథమిక కోర్సుకు 200 మీటర్ల ఈత, 10 నిమిషాలు తేలి ఉండడం అడుగుతుంది. ఆ తరువాత కూడా 18 మీటర్లు దాటవద్దంటుంది. సరదా డైవుకు ఆ ఈత పరీక్ష కూడా లేదు. అంటే ఆ వాకిట్లో మిగిలిన ఒకే ఒక కాపలాదారు మన నిజాయితీ. వాణ్ణి మేం పైసల కోసం పక్కకు తోసేశాం.

ఈ మాట మా మేనమామతో అన్నాను. ఆయన భూపాలపల్లి గనిలో పనిచేస్తాడు, రెస్క్యూ శిక్షణ పొందినవాడు. గనిలో విషవాయువు నిండినప్పుడు వీళ్ళు వీపున వేసుకునే యంత్రం స్కూబాకు దగ్గరి చుట్టమే. వదిలిన ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువును మందు పీల్చుకుంటుంది, ఆక్సిజన్ కలుస్తుంది, అదే గాలి మళ్ళీ నోటికి వస్తుంది. చరిత్రలోనూ ఈ రెండూ అన్నదమ్ములే. హెన్రీ ఫ్లూస్ అనే ఇంగ్లీషువాడు చేసిన ఇలాంటి పరికరాన్ని 1880 నాటి సీహామ్ బొగ్గుగని ప్రమాదం తరువాత వాడారు. అదే ఏడాది, నీటితో నిండి ఉన్న సెవెర్న్ సొరంగంలో, లాంబర్ట్ అనే డైవరు దాన్నే తగిలించుకుని చీకట్లో నడిచి లోపలి తలుపు మూసి వచ్చాడు.

మామ అన్నాడు: "అల్లుడా, మా దగ్గర ముందుగాల మిషన్ జూడరు, మనిషిని జూస్తరు. డాక్టరు జూస్తడు, పొగల నడిపిస్తరు, ఏండ్లు గడిచినా మల్ల మల్ల ప్రాక్టీసుకు పిలుస్తరు. ఒంట్లో బాగలేదని జెప్పి ఆగినోణ్ణి మేం పిరికోడనం. జెప్పకుండ వచ్చినోణ్ణే తిడతం. వాడు పడితే వాణ్ణి మోసేది మేమే గద!"

ప్రమాణాలంటే పేదవాణ్ణి ఆపే గేటు అని వాదించే మిత్రులు మన కాలేజీలో చాలామంది. ఇక్కడ నేను ఒప్పుకోను. 200 మీటర్ల ఈత బావిలో నేర్చినవాడికి లెక్కా? వాణ్ణి ఆపేది ఫీజు, ఆపేది ఇంగ్లీషు ఫారం. ఫీజు తగ్గించమనండి, ఫారం తెలుగులో అచ్చువేయమనండి, నేనూ జెండా పట్టుకుని వస్తాను. ఈతనూ డాక్టరునూ తగ్గించమంటే మాత్రం రాను.

2025 జూన్‌లో మేడిగడ్డ దగ్గర గోదావరిలో దిగి ఆరుగురు కుర్రవాళ్ళు మునిగిపోయారు. అలాంటప్పుడు గుర్తుకొచ్చేది గజ ఈతగాళ్ళు. పేపర్లో 'గజ ఈతగాళ్ళ సాయంతో' అని ఒక ముక్క వస్తుంది, వాళ్ళ పేర్లు రావు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర మునిగిన పర్యాటక బోటును 37 రోజుల తరువాత పైకి తెచ్చింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. అనుభవానికి ఉన్న విలువ అది. అయితే గజ ఈతగాడు గొప్పవాడు కదా అని రేపు అతని వీపున సిలిండరు కట్టి దింపితే అది హత్యతో సమానం. అతని విద్య అంతా ఊపిరి బిగబట్టడంలోనే ఉంది, స్కూబాలో చేయకూడని పని అదే! అతనికీ అక్షరాభ్యాసం కావాలి. గోదావరి ఒడ్డు పల్లెల నుంచి పదిమందిని ఎంచి, డాక్టరుకు చూపించి, సర్కారు ఖర్చుతో పూర్తి కోర్సు చెప్పించి, నెల జీతం మీద జిల్లాలో ఉంచాలి. ఎంపికలో ఎమ్మెల్యే ఉత్తరం, కులపెద్ద మాట పనికిరావు. ఏటా మళ్ళీ పరీక్ష. తప్పినవాణ్ణి ఒడ్డు మీది పనికి మార్చాలి, ఇంటికి పంపకూడదు. ఇంటికి పంపుతారని భయముంటే మళ్ళీ ఫారంలో 'లేదు' అనే కొడతాడు, నా మిత్రునిలాగే.

అతను హనుమకొండలో డాక్టరుకు చూపించుకున్నాడు. స్కూబా వద్దే వద్దన్నారట. ఈ వేసవిలో మళ్ళీ విశాఖ ప్రయాణం అనుకుంటున్నాం. తాను పడవలో కూర్చుని మా చెప్పులకు కాపలా ఉంటానన్నాడు. ఫారాలు మాత్రం తానే చదివి నింపుతాడట, నాకు పెన్ను ఇవ్వడట.