ల్యాబుకు ముందు గాటిపాట

మేలుజాతి ఆవు నుంచి అండాలు తీసి, ల్యాబులో పిండాలు కట్టించి, మరో ఆవు కడుపున పెట్టి దూడను పొందడం ఇప్పుడు మనకూ వింత కాదు. గుంటూరు పక్కన లాం ఫారంలో ఒంగోలు జాతి కోసం పిండ మార్పిడి చేస్తున్నారు. రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ఐవీఎఫ్‌తో చూలు నిలిస్తే కేంద్రం రూ.5,000 రాయితీ ఇస్తోంది. మంచిదే. కానీ మాటలన్నీ ల్యాబు చుట్టూనే తిరుగుతున్నాయి, గడ్డివాము ఊసే తక్కువ.

మన ఆవుకు అండాల కరవు లేదు. ఒంగోలు రక్తమే అయిన బ్రెజిల్ నెలోర్ ఆవులు ఒక్క విడతలో హోల్‌స్టీన్ కంటే ఎక్కువ అండాలు ఇస్తాయి. ఎన్ని వస్తాయన్నది చాలావరకు జాతిని బట్టి ఉంటుంది. వాటిలో ఎన్ని పిండాలుగా నిలుస్తాయన్నదే మేతతో ముడిపడ్డ సంగతి.

ఈ రోజు సూదితో లాగిన అండం ఎదగడం మొదలై మూడు నెలల పైమాటే. ఆగస్టులో పచ్చిక మేసి నిగనిగలాడుతున్న ఆవు నుంచి తీసినా, ఆ అండం మే నెలలో ఒట్టి వరిగడ్డి నమిలిన రోజులను మోసుకొస్తుంది. డాక్టరు వచ్చే వారం ముందు తొట్టి నిండా దాణా పోస్తే ఆ లోటు పూడదు.

ఈనిన కొత్తలో పాలు పెరుగుతాయి, ఆకలి మాత్రం వెంటనే పుంజుకోదు. ఒంటికొవ్వు కరిగి, ఆ కొవ్వు ఆమ్లాలు నెత్తురులోంచి అండం చుట్టూ ఉండే ద్రవంలోకి చేరి దాన్ని దెబ్బతీస్తాయి. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 2014లో వెలువడ్డ అధ్యయనం చూడండి: ఈనాక మూడు వారాల్లో ఒళ్లు తగ్గిన ఆవుల్లో కృత్రిమ గర్భధారణతో 25 శాతమే చూలు కట్టాయి, నిలకడగా ఉన్నవాటిలో 38 శాతం, ఒళ్లు చేసినవాటిలో 84 శాతం. బాగా చిక్కినవాటిలో చెడిపోయిన పిండాలూ ఎక్కువే.

అలాగని కుక్కి మేపమని కాదు. బక్క పెయ్యలకు మేలు చేసిన దండి మేతే, అప్పటికే ఒళ్లున్న పెయ్యల అండాలను పాడుచేసిందని బ్రిటన్ పరిశోధకులు 2005లో తేల్చారు. చెక్క మోతాదు మించితే నెత్తురులో యూరియా పెరిగి గర్భసంచి పిండానికి అనువుగా ఉండదు. ఖనిజ లవణ మిశ్రమం సంగతి రైతులకు చెప్పక్కర్లేదు, క్రమం తప్పకుండా పెట్టడమే కావాలి.

ఒంటితీరు చూడటానికి యంత్రం అక్కర్లేదు. తోక మొదట్లో, తుంటి ఎముకల మధ్య అరచెయ్యి వేసి నొక్కాలి. ఎముక గుచ్చుకుంటే బక్క, వేలికి అసలు తగలకపోతే కొవ్వు. ఒంటితీరుకు అయిదు మార్కులనుకుంటే, మూడు దగ్గరున్న ఆవు చాలు. అండాలిచ్చే ఆవునైనా ఇలా చూస్తారేమో గాని, పిండం మోసే ఆవును ఎవరు చూస్తున్నారు? విలువైన పిండాన్ని పక్కటెముకలు లెక్కపెట్టగలిగే ఆవులో పెట్టి, చూలు నిలవలేదని ల్యాబును తిడితే లాభం లేదు.

పశుసంవర్ధక శాఖ చేయాల్సిన పని చిన్నదే. అండాలు తీసే తేదీకి మూడు నెలల ముందే ఇరువైపు ఆవులకూ ఒంటితీరు మార్కులు వేసి, తక్కువ వచ్చినవాటికి పచ్చిమేత, దాణా అందించాలి. రాయితీ లెక్కలో ఆ మూడు నెలల మేత ఖర్చునూ కలపాలి.