కొత్త దుకాణం తలుపు తెరిచే ముందు

జనగామ జిల్లా చిల్పూరు మండల కేంద్రంలో ఒక ఉదయం తీరికగా నడిచి చూస్తే, దేశ ఆర్థిక వ్యవస్థకు సంబంధించిన ఒక పాఠం కళ్లెదుట కనిపిస్తుంది. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో చిల్పూరు కొత్త మండలంగా ఏర్పడింది. కార్యాలయాలు వచ్చిన చోటికి వాటి వెంట టీ కొట్టు, జిరాక్స్ దుకాణం, దరఖాస్తులు నింపిపెట్టే ఆన్‌లైన్ కేంద్రం రావడం సహజం. గుట్ట మీది బుగులు వేంకటేశ్వరస్వామి ఆలయానికి వచ్చే యాత్రికులను నమ్ముకొని కొబ్బరికాయల, ఫలహారాల అంగళ్లు నడుస్తాయి. వరి, పత్తి పండే పల్లెలకు ఎరువుల దుకాణమూ కావాలి, ట్రాక్టరు మరమ్మతు చేసేవాడూ కావాలి. ఏ వ్యాపారమూ ఊరికే పుట్టదు, దాని వెనుక ఒక కారణం ఉంటుంది. ఆ కారణం బలమైనదైతే వ్యాపారం నిలుస్తుంది, బలహీనమైనదైతే కొద్ది కాలానికే తలుపు మూతపడుతుంది. ఈ నెల మేము పాఠకుల ముందుంచదలచిన విషయం ఇదే.

దేశం మొత్తం మీద కొత్త సంస్థలు ఎక్కడ, ఎందుకు పుడుతున్నాయన్న ప్రశ్నను 2019-20 ఆర్థిక సర్వే ఒక ప్రత్యేక అధ్యాయంలో పరిశీలించింది. 2014లో మన దేశంలో సుమారు 70 వేల కొత్త కంపెనీలు నమోదు కాగా, 2018 నాటికి ఆ సంఖ్య 1 లక్షా 24 వేలకు చేరింది. ఒక జిల్లాలో కొత్త సంస్థల నమోదు 10 శాతం పెరిగితే ఆ జిల్లా స్థూల ఉత్పత్తి 1.8 శాతం పెరుగుతుందని సర్వే లెక్కగట్టింది. ఈ సంస్థలు దేశమంతటా సమానంగా పుట్టడం లేదు. అక్షరాస్యత హెచ్చుగా ఉన్న చోట, మంచి రహదారులున్న చోట అవి ఎక్కువ. అక్షరాస్యత 72 శాతం దాటిన తరువాత ఈ ప్రభావం మరింత వేగంగా పెరుగుతుందని కూడా సర్వే పేర్కొంది.

ఈ మాటను మన ప్రాంతానికి అన్వయించుకుందాం. 2011 జనాభా లెక్కల ప్రకారం, నాడు చిల్పూరు అంతర్భాగంగా ఉన్న ఉమ్మడి వరంగల్ జిల్లాలో అక్షరాస్యత సుమారు 65 శాతం మాత్రమే. హైదరాబాదు-వరంగల్ రహదారి ఈ జిల్లా గుండానే సాగిపోతున్నది. రహదారి వచ్చింది గాని చదువు ఇంకా దానిని అందుకోవలసి ఉంది. కనుక పాఠశాలకు వెళ్లే పిల్లను మధ్యలో మాన్పించి కొట్టులో కూర్చోబెట్టే తల్లిదండ్రులు ఒక్క క్షణం ఆలోచించాలి. నేడు ఆదా అయ్యే ఒక కూలి, రేపు ఆ బిడ్డ పెట్టగలిగే వ్యాపారాన్ని మొదటికే లేకుండా చేయవచ్చు.

అయితే కంపెనీల లెక్క చూసి దేశంలోని వ్యాపారమంతా చూశామనుకోరాదు. 2013-14లో జరిగిన ఆరవ ఆర్థిక గణనలో 5 కోట్ల 85 లక్షల సంస్థలు తేలాయి. వాటిలో దాదాపు 72 శాతం జీతానికి ఒక్క మనిషిని కూడా పెట్టుకోనివి. యజమాని, మహా అయితే అతని ఇంటివారు, అంతే. 2023-24 నాటి ప్రభుత్వ సర్వేలో, కంపెనీలుగా నమోదు కాని వ్యవసాయేతర సంస్థల సంఖ్య 7 కోట్ల 34 లక్షలని వెల్లడైంది. లక్షల్లో పుట్టే కంపెనీలు ఒక వైపు, కోట్లలో నడిచే చిన్న కొట్లు ఒక వైపు. మొదటివాటిలో చాలా భాగం అవకాశాన్ని చూసి పుట్టినవి. రెండవవాటిలో చాలా భాగం అవసరం తరుముతుంటే పుట్టినవి.

ఈ భేదం తెలియకపోతే అంకెలు మనలను మోసగిస్తాయి. కరోనా ప్రబలిన 2020-21లో మన దేశంలో కొత్త కంపెనీల నమోదు తగ్గలేదు, అంతకు ముందటి ఏడాది 1 లక్షా 22 వేలుండగా 1 లక్షా 55 వేలకు పెరిగింది. అమెరికాలోనూ కొత్త వ్యాపారాల దరఖాస్తులు 2019లో సుమారు 35 లక్షలుండగా 2021లో 54 లక్షలకు చేరాయి. ఆ పెరుగుదలలో కొత్త అవకాశాలను అందిపుచ్చుకున్నవారూ ఉన్నారు, ఉద్యోగం పోయి వేరే దారి లేక వచ్చినవారూ ఉన్నారు. కనుక కొత్త వ్యాపారాలు పెరగడమన్నది దానంతటదే శ్రేయస్సుకు రుజువు కాదు.

మన సమాజానికి ఈ విషయం మరీ దగ్గరిది. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం, ముస్లిం శ్రామికులలో 61 శాతం మంది స్వయం ఉపాధి మీదనే బతుకుతున్నారు. హిందూ శ్రామికులలో ఇది 55 శాతం. దీనిని కొందరు మనవారి వ్యాపార దక్షతగా చెప్పుకుంటారు. దక్షత లేదని మేము అనము. కాని నెలజీతపు ఉద్యోగాలు అందనివారికి స్వయం ఉపాధి తప్పనిసరి దారి కూడా అవుతుందన్న చేదు నిజాన్ని దాచుకోకూడదు.

ఊహకు ఒక కుటుంబాన్ని తీసుకుందాం. లక్షన్నర రూపాయలు అప్పు చేసి కిరాణా కొట్టు పెట్టారు. రోజుకు 3,000 రూపాయల అమ్మకం, నూటికి 12 రూపాయల లాభం. అంటే రోజుకు 360, నెలకు 10,800. అద్దె 2,500, కరెంటు 800, సరుకు రవాణా 1,000 పోవాలి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అయితే అప్పు మీద 3,000. మిగిలింది 3,500. నెల అమ్మకం 90,000లో కేవలం మూడు శాతం ఉద్దెర తిరిగి రాకపోయినా 2,700 పోయినట్టే. ఆలుమగలిద్దరూ తెల్లవారింది మొదలు రాత్రి దాకా నిలబడి కష్టపడితే చేతికి వచ్చేది 800 రూపాయలు. పైగా అసలు అప్పు అలాగే ఉంది. ఈ లెక్కను తలుపు తెరిచే ముందు అరగంట కూర్చొని వేసుకొని ఉంటే, ఆ ఇంటి ఇల్లాలి బంగారం కుదువకు వెళ్లి ఉండేది కాదు.

చిన్న వ్యాపారాలు కూలిపోవడానికి సాధారణంగా కనిపించే కారణాలు మూడు. ఒకటి, పక్కవాడికి నడుస్తున్నదని అదే వ్యాపారం పెట్టడం. ఒకే వీధిలో మూడవ చికెన్ సెంటరు వస్తే కొనేవారు పెరగరు, ఉన్నవారే పంచుకోబడతారు. రెండవది, వడ్డీ భారం. మూడవది, గల్లాపెట్టెకూ ఇంటి ఖర్చుకూ మధ్య గీత లేకపోవడం. అమెరికా వంటి సంపన్న దేశంలోనే జీతగాళ్లను పెట్టుకొని మొదలయ్యే సంస్థలలో సుమారు సగం ఐదేళ్లు తిరిగేసరికి మూతపడుతున్నాయి. కనుక మూతపడటం సిగ్గుపడవలసిన విషయం కాదు. ఇల్లును కూడా వెంట తీసుకుపోయేలా మూతపడటమే ప్రమాదం.

ఇదే జిల్లాలోని పెంబర్తిని చూడండి. అక్కడి ఇత్తడి రేకు పనికి భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ పని తరాలుగా నిలవడానికి మూలం అప్పు తెచ్చిన పెట్టుబడి కాదు, ఇతరులకు సులభంగా చేతకాని నైపుణ్యం. వ్యాపారానికి మొదటి పెట్టుబడి విద్య అని ఆ ఊరు చెప్పకనే చెబుతున్నది.

డబ్బు కావలసినప్పుడు అప్పు ఒక్కటే దారి కాదు. నమ్మకస్థులైన ఇద్దరు కలిసి లాభనష్టాలు పంచుకొనే భాగస్వామ్యం ఉంది. అయితే దానిని నోటి మాటగా వదిలేయరాదు. దివ్య ఖుర్‌ఆన్‌లోని అన్నింటికన్న పొడవైన ఆయతు అప్పు లావాదేవీలను సాక్షుల ఎదుట వ్రాసి పెట్టుకోవడం గురించినదే. మన దేశపు 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం నమోదు తప్పనిసరి కాకపోయినా, నమోదు కాని సంస్థ తన ఒప్పందపు హక్కుల కోసం ఇతరుల మీద దావా వేయలేదు. వ్రాత అపనమ్మకానికి గుర్తు కాదు, అన్నదమ్ముల ప్రేమకు కావలి. అలాగే 2020 జులై 1 నుంచి అమలులో ఉన్న ఉద్యమ్ నమోదుకు ప్రభుత్వం ఏ రుసుమూ తీసుకోదు. దాని పేర వందలు అడిగే దళారులను నమ్మవద్దు.

కొత్త వ్యాపారం తలపెట్టిన సోదరులకు, సోదరీమణులకు మా విన్నపం ఒక్కటే. ముందుగా ఇంటిల్లిపాదీ కూర్చోండి. ముఖ్యంగా ఎవరి నగలు, ఎవరి శ్రమ అందులో పెట్టబోతున్నారో వారి మాట వినండి. ఇది అవకాశమా, అవసరమా అని అడగండి. అవసరమే అయితే వెనుకాడనక్కరలేదు, చిన్నగా మొదలుపెట్టండి, ఉద్దెరకు హద్దు పెట్టండి, ఆరు నెలల పాటు ప్రతి రూపాయీ వ్రాయండి. ఆ పుస్తకం నష్టమని చెబితే, ఇల్లు చెదరక ముందే ఆగగలిగే ధైర్యమూ ఉంచుకోండి. దేశపు లెక్కలో మీ దుకాణం కోట్లలో ఒకటి. మీ పిల్లలకు మాత్రం అదొక్కటే.