అనకాపల్లిలో స్థలం కొనేముందు అద్దె అడగండి

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా కేంద్రమైంది. అప్పటి నుంచి చెరకు మడుల్లో సర్వే రాళ్లు పాతడం జోరందుకుంది. తుమ్మపాల చక్కెర కర్మాగారం మూతపడ్డాక బెల్లం మీద ఆధారపడలేని రైతు పొలం అమ్ముకుంటున్నాడు. అతని తప్పేమీ లేదు. నా బెంగంతా కొనేవాళ్ల గురించే. వాళ్లలో టీచర్లున్నారు, నేవీలో రిటైరైనవాళ్లున్నారు, విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి వీఆర్‌ఎస్ తీసుకున్నవాళ్లున్నారు. చేతిలోని డబ్బు జీవితంలో ఒక్కసారే వచ్చేది. దాన్ని పెట్టేముందు చాలామంది అడుగుతున్న ప్రశ్న, ‘ఇక్కడ రేపు ఏమొస్తుంది?’ అన్నది. ముందు అడగాల్సింది, ‘ఇక్కడ ఈ రోజు ఎవరు, ఎంత అద్దె కడుతున్నారు?’ అని.

రాబోయేవాటికి ఈ జిల్లాలో కొదవ లేదు. నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు, పూడిమడక గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న విశాఖలో ప్రధాని శంకుస్థాపన చేశారు. రాజయ్యపేట దగ్గర ఆర్సెలర్ మిట్టల్ నిప్పన్ స్టీల్ ఉక్కు కర్మాగారం వస్తుందంటున్నారు. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖ ప్రాంతానికి 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి ప్రకటించింది, ఎంచుకున్న చోట్లలో రాంబిల్లి ఒకటి. ఇలాంటి వార్త వచ్చిన వారానికల్లా వెంచర్ బ్రోచర్ మీద ఆ పేరు ఎక్కుతుంది, గజం ధర మారుతుంది.

కానీ ప్రకటన చోటు మారుతుంది. ఈ బల్క్ డ్రగ్ పార్కే 2022లో కాకినాడ జిల్లా తొండంగి మండలానికని మంజూరైంది, తర్వాత నక్కపల్లికి తరలింది. ఆ ఒక్క కబురు నమ్మి తొండంగి చుట్టుపక్కల కొన్నవారి లెక్క ఏమై ఉంటుందో ఊహించుకోవచ్చు. 2019 డిసెంబరు 17న శాసనసభలో మూడు రాజధానుల మాట వినిపించగానే అమరావతిలో ధరలు కుప్పకూలి, విశాఖ వైపు లేచాయి. 2024 ఎన్నికల తర్వాత గాలి మళ్లీ తిరిగింది. ఊరి ధర ఒక ప్రసంగంతో పెరిగితే ఇంకో ప్రసంగంతో పడుతుంది.

పెట్టుబడి అంకె పెద్దదైనంత మాత్రాన అద్దెకు మనుషులు రారు. గూగుల్ తెచ్చే డేటా సెంటరుకు భూమి, కరెంటు, నీళ్లు చాలా కావాలి. కట్టడం పూర్తయ్యాక అందులో పనిచేసేవాళ్లు ఆ పెట్టుబడితో పోలిస్తే కొద్దిమందే. మరోవైపు అచ్యుతాపురంలో బ్రాండిక్స్ దుస్తుల పరిశ్రమ వేలమంది ఆడపిల్లలకు జీతాలిస్తోంది. ఇంటి యజమానికి ఆ జీతాలే ముఖ్యం. అక్కడా ఒక మెలిక ఉంది. వాళ్లలో చాలామంది చుట్టుపక్కల ఊళ్ల నుంచి బస్సుల్లో వచ్చి, సాయంత్రం సొంతింటికే పోతారు. అందుకే ఉద్యోగుల సంఖ్య తెలిస్తే సరిపోదు, వాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటున్నారో కూడా తెలియాలి. షిఫ్టు దిగే వేళకు అచ్యుతాపురం కూడలిలో ఒక గంట నిలబడి, టు లెట్ బోర్డున్న నాలుగిళ్లకు ఫోన్ చేస్తే ఏ బ్రోచరూ చెప్పని సంగతి తెలుస్తుంది.

ఆ అద్దెతో లెక్క వేయండి. 40 లక్షల ఫ్లాటు, 10 లక్షలు చేతి నుంచి, 30 లక్షలు అప్పు అనుకుందాం. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల వాయిదా నెలకు సుమారు 26 వేలు, మొదటి నెలలో అందులో 21 వేల పైచిలుకు వడ్డీకే పోతుంది. అద్దె 10 వేలు వస్తే నెలనెలా 16 వేలు జీతంలోంచి తీసి కట్టాలి. ఐదేళ్లలో అది 9 లక్షల 60 వేలు. ఇంటి పన్ను, మెయింటెనెన్సు, రెండు నెలలు ఖాళీగా ఉంటే పోయే అద్దె ఇందులో లేవు. కొన్న రోజే స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ప్రభుత్వ విలువ, దస్తావేజు ధరల్లో ఎక్కువదాని మీద 7.5 శాతం వదిలిపోతుంది. ఇదంతా భరించి పదేళ్లు ఆగగలిగినవాళ్లు కొనొచ్చు. ‘రెండేళ్లలో డబుల్’ అన్న మాట విని అప్పు చేసేవాళ్లు మాత్రం ఆగాలి. ఖాళీ ప్లాటైతే ఆ 10 వేలు కూడా రావు.

ఫ్యాక్టరీ దగ్గరగా ఉంటే మేలని అందరూ అంటారు. కానీ పరవాడ ఫార్మా సిటీ పక్కనున్న తాడి గ్రామస్థులు కాలుష్యం భరించలేక తమ ఊరిని మరోచోటికి తరలించమని ఏళ్ల తరబడి అడుగుతున్నారు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం ఎసెన్షియా ఫార్మా కంపెనీలో పేలుడు 17 మందిని బలితీసుకుంది. ఫ్యాక్టరీ గోడకు ఎంత దూరంలో కొంటున్నారు, అక్కడి బోరు నీళ్లు ఎలా ఉన్నాయి, రాత్రి గాలి ఎటు వీస్తుంది అన్నవి ధర కంటే ముందు చూడాలి. మీరు ఉండలేని ఇంటికి ఇంకొకరి నుంచి అద్దె ఆశించడం న్యాయమూ కాదు, నిలకడైన వ్యాపారమూ కాదు.

ఇక కాగితాలు. ఈ ప్రాంతంలో దెబ్బతిన్నవాళ్లలో ఎక్కువమంది ధర దగ్గర కాదు, కాగితాల దగ్గరే దెబ్బతిన్నారు. సింహాచలం పంచ గ్రామాల సంగతి ఉత్తరాంధ్రలో తెలియనివారు లేరు. దేవస్థానంతో భూవివాదం వల్ల అక్కడ వేలమంది ఇంటి పన్ను, కరెంటు బిల్లు కడుతూ కూడా దశాబ్దాలుగా రిజిస్ట్రేషన్‌కు, పక్కా కట్టడానికి నోచుకోలేదు. పన్ను రసీదు, మీటరు హక్కు పత్రాలు కావని చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

కొనే భూమి జిరాయితీయా, డి-పట్టానా అన్నది మొదటి ప్రశ్న. పేదలకు ప్రభుత్వమిచ్చిన డి-పట్టా భూమిని కొనడాన్ని 1977 అసైన్డ్ భూముల చట్టం నిషేధించింది. ప్రభుత్వం వెనక్కి తీసుకుంటే కొన్నవారికి దారి లేదు. 20 ఏళ్లు దాటిన అసైన్డ్ భూములకు అమ్మకపు హక్కిస్తూ 2023లో సవరణ తెచ్చారు. 2024లో వచ్చిన ప్రభుత్వం అక్రమాలు జరిగాయంటూ ఆ ఫ్రీహోల్డ్ భూముల రిజిస్ట్రేషన్లు ఆపింది. ఇలా ఊగే భూమిలో పింఛను డబ్బు పెట్టకూడదు. సర్వే నంబరు 22-ఎ నిషేధిత జాబితాలో ఉందో లేదో రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. అడంగల్, 1-బి, ఎఫ్‌ఎంబీ పటం పట్టుకుని నేల మీదికి వెళ్లి కొలిపించండి. మెట్టలా కనిపించే జాగా పటంలో గెడ్డ పోరంబోకు కావచ్చు. శారదా నది పొంగిన ఏడు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో పక్క పొలం రైతునడిగితే చెబుతాడు.

ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీశాం కదా అని ధీమా పడేవాళ్లున్నారు. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలే. కోర్టులో నడిచే దావా, రిజిస్టరు కాని వీలునామా, కుటుంబంలో తెగని వాటా అందులో ఉండవు. పిత్రార్జితంలో కూతుళ్లకు సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 నుంచి, దేశమంతటా 2005 నుంచి ఉంది. అన్నదమ్ములు నలుగురూ సంతకాలు పెట్టి, అక్కచెల్లెళ్ల ఊసే లేని దస్తావేజు మీ ముందు పెడితే వాళ్ల సంతకాలు కూడా వచ్చేదాకా బయానా ఇవ్వొద్దు. రిజిస్టరైన అమ్మకపు దస్తావేజు లేకుండా జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీదే అమ్మితే హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది. అయినా ‘జీపీఏ చేయిస్తాం, ఖర్చు తక్కువ’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు.

అగ్రిగోల్డ్ గాయం మానకముందే జనం మళ్లీ ప్రీ-లాంచ్ ఆఫర్లకు డబ్బు కడుతుంటే గుండె తరుక్కుపోతుంది. ప్లాట్లిస్తామనో, పెద్ద రాబడి ఇస్తామనో చెప్పి ఆ సంస్థ 32 లక్షల మంది నుంచి దాదాపు 6,380 కోట్లు వసూలు చేసింది. 2016 రెరా చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు గానీ 8 యూనిట్లు గానీ దాటిన ప్రాజెక్టును నమోదు కాకుండా అమ్మకూడదు, ప్రచారం కూడా చేయకూడదు. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. ‘రెరా అప్లై చేశాం’ అన్న మాటకు విలువ లేదు, నంబరు కావాలి. లేఅవుట్లలో అభివృద్ధి పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు అనుమతిచ్చిన సంస్థకు తనఖాలో ఉంటాయి. మీకు చూపించిన ప్లాటు వాటిలోది కాదని రాతపూర్వకంగా తేల్చుకోండి. నగదు రూపంలో 20 వేలు, అంతకు మించి పుచ్చుకుంటే అంతే మొత్తం జరిమానా పడుతుంది. ‘సగం బ్లాకులో’ అనేవాడి దగ్గర రేపు మీరు ఇచ్చిన డబ్బుకు ఆనవాలే ఉండదు.

కొన్నాక యజమానిగా బతకడం ఇంకో పని. ఈ జిల్లాలో ఖరీదైన ఫ్లాటు కంటే విడి మీటరు, విడి స్నానాలగది ఉన్న రెండు చిన్న పోర్షన్లకు అద్దె నిలకడగా వస్తుందని నా నమ్మకం. ఎందుకంటే ఇక్కడికి పనికోసం వచ్చేవాళ్ల జీతాలు చిన్నవి. అద్దె ఒప్పందాన్ని చాలామంది 11 నెలలకే రాసుకుంటారు. అలా రాసుకున్నా అడ్వాన్సు ఎంత, ఎప్పుడు తిరిగిస్తారు, సున్నాలు ఎవరు వేయించాలి, ఏటా ఎంత పెంచుతారు అన్నవి అక్షరాల్లో ఉండాలి. అద్దె బ్యాంకులోకి తీసుకుని రసీదు ఇవ్వండి. ఆ ఆదాయంలో చెల్లించిన ఇంటి పన్ను, 30 శాతం మినహాయింపు పోను మిగిలినదానికే పన్ను పడుతుంది కనుక దాచాల్సిన పనిలేదు. కులం అడిగి, బ్యాచిలరని తిప్పిపంపి ఇల్లు ఖాళీగా ఉంచుకునే యజమాని తనకూ నష్టం చేసుకుంటాడు, ఊరు కాని ఊరొచ్చిన పిల్లవాణ్నీ బాధపెడతాడు. గుర్తింపు కార్డు, పనిచేసే చోటి వివరం తీసుకుంటే చాలు. బకాయి పడ్డాడని నీళ్లు ఆపడం, తాళం వేయడం చట్టం ఒప్పుకోదు, నోటీసు ఇచ్చే ఖాళీ చేయించాలి.

ఇంత జాగ్రత్తనూ కొనేవాడి ఒక్కడి నెత్తిన పెట్టడం సరికాదు. సామాన్యుడు ఆన్‌లైన్‌లో వెతికి తెలుసుకోవాల్సిన 22-ఎ సర్వే నంబర్లను ప్రతి గ్రామ సచివాలయం గోడ మీద పటంతో సహా అతికించవచ్చు. ఏ వెంచరుకు విశాఖ మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ (వీఎంఆర్‌డీఏ) అనుమతి ఉంది, ఏ ప్లాట్లు తనఖాలో ఉన్నాయి అన్నది లేఅవుట్ గేటు దగ్గర బోర్డు మీద రాయించవచ్చు. జిల్లా కలెక్టరు తలచుకుంటే ఈ రెండు పనులు వచ్చే చెరకు కోతల్లోపు పూర్తవుతాయి.