హుండీ కౌంటర్ మీద, ఆకలి వంటగదిలో

ఆదివారం ఆరాధన ముగిశాక కుటుంబాలతో హోటల్‌కు వెళ్లడం మనలో చాలామందికి అలవాటే. బిల్లు కట్టే చోట ఒక గాజు డబ్బా ఉంటుంది. దాని మీద నవ్వుతున్న పిల్లల ఫొటో, కింద "మీ బిల్లులో కొంత అనాథలకు" అన్న మాట. చిల్లర వేస్తాం. మనసు తేలికవుతుంది. మన బల్ల తుడిచిన కుర్రాడి వయసెంత అని మాత్రం అడగం.

అడగాలి అంటున్నాం మేము.

దానం చేసే హోటళ్ల మీద మాకు కోపం లేదు. ఆ డబ్బుతో ఒక్కరి కడుపు నిండినా మంచిదే. కానీ పిల్లల పేరిట డబ్బా పెట్టిన చోటే ఒక పిల్లవాడు ఎంగిలి గిన్నెలు తోముతుంటే, దాన్ని ధర్మం అనలేం, ముసుగు అనాలి. హోటళ్లలో, ధాబాల్లో, టీకొట్లలో 14 ఏళ్లలోపు పిల్లలను పనికి పెట్టుకోకూడదన్న నిషేధం 2006 అక్టోబరు 10 నుంచే ఉంది. మనం అడగమన్న నమ్మకమే ఇలాంటి యజమానులకు ధైర్యం.

హోటల్ బల్ల మనకు చిన్న విషయం కాదు. తమిళనాడు, కర్ణాటక పల్లెల్లో టీకొట్టు దగ్గర దళితులకు వేరే గ్లాసు పెట్టిన రోజులు మన పెద్దలకు తెలుసు. అందుకే మన రాజ్యాంగం 15వ అధికరణంలో దుకాణాలతో పాటు హోటళ్లను, భోజనశాలలను కూడా పేరు పెట్టి చెప్పి, కులం, మతం పేరిట అక్కడ ఎవరినీ అడ్డుకోకూడదంది. నగరాల్లో వీధులు ఊడ్చే పనిలో ఎన్నో తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. ఆ ఇళ్ల పిల్లలు గిన్నెలు తోమేవాళ్లుగానే కాకుండా, వంట చేసేవాళ్లుగా, లెక్క చూసేవాళ్లుగా, యజమానులుగా హోటల్‌లో అడుగుపెట్టే రోజు రావాలి.

"వ్యాపారంలో అదంతా కుదురుతుందా?" అంటారు. కుదిరిన చోటు ఉంది. ఆగ్రాలో తాజ్‌మహల్‌కు దగ్గర్లో 2014 డిసెంబరులో 'షీరోస్ హ్యాంగౌట్' అనే కెఫే మొదలైంది. యాసిడ్ దాడికి గురైన స్త్రీలే అక్కడ వడ్డిస్తారు, అతిథులతో మాట్లాడతారు, కెఫే నడుపుతారు. ధర ఇంత అని పెట్టకుండా, తిన్నవాళ్లు ఇవ్వగలిగినంత ఇచ్చే పద్ధతి పెట్టారు. ముఖం కప్పుకుని ఇంట్లో ఉండమని లోకం చెప్పిన స్త్రీలు ముఖం దాచుకోకుండా బల్ల దగ్గరికి వస్తారు. వారి ఫొటో డబ్బా మీద అతికించి చిల్లర అడగడం తేలిక. వారికి ఉద్యోగం ఇవ్వడం కష్టం. ఆ కెఫే కష్టమైన దారి పట్టింది.

చెన్నైలో 2013లో మొదలైన అమ్మ క్యాంటీన్లను చూడండి. రూపాయికి ఇడ్లీ. వండేది స్వయం సహాయక బృందాల మహిళలు. తినేవాడు చేయి చాపనక్కర్లేదు, రూపాయి ఇచ్చి తింటాడు. ఆ రూపాయిలో అతని గౌరవం ఉంది.

ఇక మన సంగతి. క్రిస్మస్‌కు పేదలకు భోజనం పెడతాం, ఫొటోలు తీస్తాం. ఆ వంటవాళ్లకు ఎంత కూలి ఇచ్చాం? గిన్నెలు తోమినవాళ్లు ఎప్పుడు తిన్నారు, ఎక్కడ కూర్చుని తిన్నారు? కూలి బిగబట్టిన యజమానుల గురించి యాకోబు తన పత్రికలో ఎంత కఠినంగా రాశాడో మనకు తెలుసు. ఆ మాట హోటల్ యజమానులకే అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే.

యువతా, ఈసారి హోటల్‌కు వెళ్తే మూడు ప్రశ్నలు మర్యాదగా అడగండి. ఇక్కడ పనిచేసేవాళ్లకు వారానికి ఒక రోజైనా సెలవు ఉందా? కనీస వేతనం అందుతోందా? ఈ డబ్బాలో డబ్బు ఎవరికి చేరిందో లెక్క చూపిస్తారా? చిన్న పిల్లవాడు పనిలో కనబడితే 1098కి ఫోన్ చేయండి. జవాబు చెప్పగలిగిన హోటల్‌కు పదిమందిని తీసుకెళ్లండి. చెప్పలేని చోట డబ్బా ఎంత అందంగా ఉన్నా రెండోసారి వెళ్లకండి.

దానం మిగిలినదాంట్లోంచి ఇవ్వవచ్చు. కూలి మాత్రం ముందే ఇవ్వాలి.