అడిగే పిల్లలకు గుడిలో చోటుందా?

గత చలికాలంలో ఒక శనివారం సాయంత్రం గుడికి బయలుదేరుతుంటే మా అమ్మాయి కారెక్కనంది. పదహారేళ్ల పిల్ల. చలికి బద్ధకిస్తోందేమో అనుకున్నాను. కాదట. "నాన్నా, నేను దండం పెట్టుకుంటుంటే అవతల ఎవరైనా వింటున్నారో లేదో నాకు తెలియడం లేదు. తెలిసినట్టు నటించమంటావా?" అంది.

జవాబు లేనప్పుడు తండ్రులు చేసే పనే నేనూ చేశాను. కేకలేశాను. ఇండియాలో తాతమ్మ రోజూ దీపం పెడుతుందని, ఇంత దూరం వచ్చినా మనం మన పద్ధతులు వదల్లేదని, ఇంకా ఏవేవో అన్నాను. పిల్ల మాట్లాడకుండా వచ్చి వెనక సీట్లో కూర్చుంది. తిరుగు ప్రయాణంలో ఎం50 మీద ట్రాఫిక్ ఆగిపోయింది. రేడియోలో యూ2 పాట వస్తోంది. "ఐ స్టిల్ హ్యావంట్ ఫౌండ్ వాట్ ఐయామ్ లుకింగ్ ఫర్". ఇన్నేళ్లుగా డబ్లిన్‌లో ఉంటూ సూపర్‌మార్కెట్లలో, టాక్సీల్లో వందసార్లు విని ఉంటాను. ఏదో ప్రేమపాట అనుకునేవాణ్ని. "ఇది దేవుడి గురించి, తెలుసా?" అంది వెనక నుంచి. గంట తర్వాత ఆ పిల్ల నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

ఇంటికొచ్చాక ఆ పాట సంగతేమిటో చదివాను. ఈ దేశంలో బతుకుతున్న మనకు ఆ కథ తెలిసి ఉండటం మంచిదనిపించింది.

యూ2 పుట్టింది డబ్లిన్ ఉత్తరాన, 1976లో. మౌంట్ టెంపుల్ బడి నోటీసు బోర్డు మీద లారీ ముల్లెన్ అనే కుర్రాడు, బ్యాండ్ పెడదాం రండని కాగితం అంటించాడు. పాటగాడు బోనో అసలు పేరు పాల్ హ్యూసన్. తండ్రి కేథలిక్కు, తల్లి ప్రొటెస్టెంటు. ఆ రోజుల ఐర్లాండ్‌లో అది చిన్న విషయం కాదు. అతనికి 14 ఏళ్లప్పుడు, 1974లో, తల్లి తన సొంత తండ్రి అంత్యక్రియల దగ్గరే కుప్పకూలి, కొద్ది రోజుల్లోనే చనిపోయింది.

బ్యాండ్ పేరు కాస్త వినబడుతున్న రోజుల్లో నలుగురిలో ముగ్గురు, బోనో, ఎడ్జ్, లారీ, షాలోమ్ అనే క్రైస్తవ ప్రార్థన బృందంలో చేరారు. ఆడమ్ క్లేటన్ మాత్రం చేరలేదు. రాక్ సంగీతం, భక్తి ఒక ఒరలో ఇమడవు, ఏదో ఒకటి తేల్చుకోండని ఆ బృందంలో ఒత్తిడి వచ్చింది. 1981లో ఎడ్జ్ బ్యాండ్ వదిలేయడానికి సిద్ధపడ్డాడు, బోనో కూడా ఊగిసలాడాడు. చివరికి వాళ్లు వదిలింది ఆ బృందాన్ని. దేవుణ్ని మాత్రం వదల్లేదు. నా లెక్కలో ఈ కథకు కీలకం ఇక్కడే ఉంది. తేల్చుకోమని గట్టిగా అడిగినవాళ్లే వాళ్లను పోగొట్టుకున్నారు.

ఆరేళ్ల తర్వాత, 1987 మార్చిలో, "ద జాషువా ట్రీ" ఆల్బమ్ వచ్చింది. అందులోని ఈ పాటను అదే ఏడాది మే నెలలో సింగిల్‌గా విడిగా విడుదల చేశారు. ఆగస్టుకల్లా అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. పాట నడక నల్లజాతి చర్చిల భజన బాణీలో ఉంటుంది. అందులో మనిషి క్రీస్తు శిలువ మోశాడని, తన బంధాలు తెంచాడని నమ్ముతున్నానని స్పష్టంగా ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాక కూడా తను వెతుకుతున్నది ఇంకా దొరకలేదంటాడు. నమ్మినవాడికి ఇంకా వెతుకులాట ఏమిటి? ఆ ప్రశ్నకు పాటలో జవాబు లేదు. ఆ సెప్టెంబరులోనే న్యూయార్క్ హార్లెమ్ నుంచి వచ్చిన చర్చి గాయక బృందం మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఈ పాటను యూ2తో కలిసి పాడింది. ఆ పాట 1988లో వచ్చిన "రాటిల్ అండ్ హమ్"లో ఉంది. ఆదివారం ఆదివారం దేవుణ్ని స్తుతించే గొంతులు ఇంకా దొరకలేదు అనే పాటను అంత ఆనందంగా అందుకోవడం వింటే నాకు ఒళ్లు జలదరించింది. మీరూ వినండి.

ఆదివారం మా అమ్మకు వీడియో కాల్ చేసి మనవరాలి నిర్వాకం చెప్పాను. నా వైపు మాట్లాడుతుందనుకున్నాను. "రామదాసు తిట్టలేదట్రా?" అంది.

నిజమే. కంచర్ల గోపన్న పాల్వంచ తహసీల్దారు. వసూలైన శిస్తు సొమ్ము భద్రాచలం గుడికి పెట్టి గోల్కొండ ఖైదులో పడ్డాడు. పన్నెండేళ్లు అంటారు. ఆ చెరసాల కీర్తనల్లో ఒకదాంట్లో సీతమ్మకూ లక్ష్మణుడికీ భరతుడికీ చేయించిన నగల ఖర్చు ఏకరువు పెట్టి, ఇదంతా ఎవరి సొమ్మనుకుని కులుకుతున్నావని రాముణ్నే నిలదీస్తాడు. దెబ్బలకు ఓర్చుకోలేక తిట్టానని ఆ వెంటనే బతిమాలుకుంటాడు. ధూర్జటి కాళహస్తీశ్వరుడి ముందు రాజులనూ తన బలహీనతలనూ కలిపి ఎంత కటువుగా చెప్పుకున్నాడో చదివినవాళ్లకు తెలుసు. ఈ పాటలు పిల్లల చేత పోటీల్లో పాడించి బహుమతులిస్తాం. అదే పిల్లలు సొంత మాటల్లో అడిగితే మాత్రం నోరు మూయమంటాం.

అయితే ఇక్కడ నన్ను నేను మోసం చేసుకోకూడదు. రామదాసు తిట్టినా, రాముడు ఉన్నాడా లేడా అనే అనుమానం ఆయనకు లేదు. వినేవాడున్నాడు కాబట్టే తిట్టాడు. మా అమ్మాయి అనుమానం అంతకంటే ముందు మెట్టు దగ్గర ఉంది. యూ2 పాట కూడా నమ్మకం నుంచే మొదలవుతుంది. కాబట్టి నిందాస్తుతి మన సంప్రదాయంలో ఉందని చెప్పేసి ఈ విషయం సర్దేయలేం. నేను చెప్పగలిగింది చిన్నది. అలిగినవాడికీ, వెతుకుతున్నవాడికీ గుడిలో పాట ఉన్నప్పుడు, తెలియడం లేదు అనే పిల్లకు కనీసం కూర్చునే చోటైనా ఉండాలి.

మన పిల్లల అనుమానం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చూడాలి. ఇక్కడి ప్రాథమిక పాఠశాలల్లో పదింట దాదాపు తొమ్మిది కేథలిక్ చర్చి పోషణలో నడిచేవే. సెకండ్ క్లాసులో, ఏడెనిమిదేళ్ల వయసులో, తోటి పిల్లలు ఫస్ట్ కమ్యూనియన్‌కు సిద్ధమవుతుంటే మనవాళ్లు వెనక బల్ల మీద రంగులు వేసుకుంటూ కూర్చుంటారు. మతబోధకు కూర్చోకపోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు, మంచిదే. కానీ ఆ వయసు పిల్లకు హక్కు కనిపించదు, తెల్ల గౌను కనిపిస్తుంది. మా అమ్మాయి తనకూ తెల్ల గౌను కావాలని వారం రోజులు ఏడ్చింది. అది వాళ్లది, మనది వేరు అని చెప్పాం. మనది ఏమిటో చెప్పడానికి మాత్రం శని, ఆదివారాల్లో గంట శ్లోకాలు అప్పగించడం తప్ప ఇంకేం చేశాం? దేవుడంటే ఏ బల్ల దగ్గర కూర్చోవాలి అనే విషయమని పిల్ల అనుకుంటే తప్పెవరిది?

ఈ దేశం సంగతి చూడండి. 2016 జనాభా లెక్కల్లో కేథలిక్కులు 78 శాతం, 2022కి 69 శాతం. ఏ మతమూ లేదని రాసినవాళ్లు 14 శాతం. కారణాలు చాలా ఉన్నాయి, చర్చి సంస్థల్లో పిల్లల మీద జరిగిన అఘాయిత్యాలు అన్నిటికంటే పెద్దవి. నా ఆఫీసులో నాతో పనిచేసే ఐరిష్ వాళ్లతో మాట్లాడితే మరో మాట కూడా వినిపిస్తుంది. చిన్నప్పుడు అడగనివ్వలేదు అంటారు. అడగనివ్వని ఇంటి నుంచి పిల్లలు తలుపు వేసుకుని వెళ్లిపోయారు. మనం ఇక్కడ 2020లో వాకిన్స్‌టౌన్‌లో గుడి తెరుచుకున్నాం. ఎన్నో ఏళ్లు కమ్యూనిటీ హాళ్లు అద్దెకు తీసుకుని పండుగలు చేసుకున్నవాళ్లకు అదెంత సంతోషమో నాకు తెలుసు. ఇరవై ఏళ్ల తర్వాత అందులో ఎవరు కూర్చుంటారన్నది ఇప్పుడు మన ఇళ్లలో కార్ల దగ్గర జరిగే గొడవల్లోనే తేలుతోంది.

అందుకే తెలుగు సంఘాల పెద్దలకు ఒక విన్నపం. పిల్లల తరగతుల్లో శ్లోకం అయ్యాక అరగంట ప్రశ్నలకు వదలండి. ఏ ప్రశ్నకూ "తప్పు, కళ్లు పోతాయి" అనే జవాబు వద్దు. చెప్పేవారికి తెలియకపోతే తెలియదనండి. తల్లిదండ్రులు కూడా పక్కనే కూర్చుంటే ఇంకా మంచిది, వాళ్లకున్న అనుమానాలు పిల్లలకు తెలియాలి. నాకు చాలా ఉన్నాయి. మా నాన్న పోయిన ఏడాది ఇండియాకు టికెట్ దొరకక ఇక్కడే దీపం ముందు కూర్చున్న రాత్రి నాకొచ్చిన ప్రశ్న, మా అమ్మాయి అడిగిన ప్రశ్న ఒకటే. నేనది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మొన్న దానికి చెప్పాను.

వినాయక చవితికి ఇంట్లో పూజ చేసుకున్నాం. రమ్మని బలవంతం చేయలేదు. పొద్దున్నే వంటింట్లో వాళ్లమ్మ పక్కన నిలబడి ఉండ్రాళ్లు చుట్టింది. కథ చదువుతున్నప్పుడు గుమ్మానికి ఆనుకుని విన్నది, చంద్రుణ్ని చూస్తే నింద ఎందుకు వస్తుందని రెండుసార్లు అడ్డుకుని అడిగింది. దండం పెట్టలేదు. కథ అయ్యాక అక్షింతలు వేయడానికి వాళ్లమ్మ చెయ్యి చాపితే తల వంచింది. ఎందుకని నేను అడగలేదు.