వెళ్ళి వస్తానన్న మాట



పోయిన నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక సహోదరి మా దగ్గరకు వచ్చి కూర్చున్నది. "అయ్యగారూ, మావాడు డ్రమ్ములు వాయిస్తాడని మీకు తెలుసు గదా. పట్నం నుండి ఆర్కెస్ట్రావాళ్ళు వచ్చి అడుగుతున్నారు. ఊరూరా తిరగాలంట. పంపమంటారా, వద్దంటారా?" అని అడిగింది. రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటాడు, ఏమి తింటాడు, క్షేమంగా ఇల్లు చేరతాడా అన్నదే ఆ తల్లి దిగులు. మేము వెంటనే జవాబు చెప్పలేక ఒక వారం గడువు అడిగాము. ఆ వారమంతా ఎప్పుడో చదివిన ఒక సంగతి మా మనస్సులో మెదులుతూనే ఉన్నది. దానినే ఈ నెల మీ ముందు ఉంచుతున్నాము.

అది 1959వ సంవత్సరం, జనవరి నెల, అమెరికా దేశం. గిటారు, డ్రమ్ములతో హోరెత్తించే రాక్ సంగీతం అప్పుడప్పుడే యౌవనస్థులను ఊపేస్తున్న రోజులు. టెక్సాస్ రాష్ట్రంలోని లబ్బక్ పట్టణానికి చెందిన బడ్డీ హాలీ అనే గాయకుడు అప్పటికే పేరు పొందినవాడు. వయస్సు 22 ఏండ్లు. అక్కడి బాప్టిస్టు సంఘంలో పెరిగిన పిల్లవాడు. పెండ్లయి ఆరు నెలలైనా కాలేదు. భార్య మరియా ఎలీనా గర్భవతి. చేతిలో డబ్బు ఇబ్బందిగా ఉండడం వలన ఆమెను ఇంటి వద్ద ఉంచి కచేరీల యాత్రకు బయలుదేరాడు.

ఆ యాత్ర పేరు 'వింటర్ డాన్స్ పార్టీ'. 24 రోజులలో 24 ఊళ్ళు. జనవరి 23న మిల్వాకీ నగరంలో మొదలైంది. ఏర్పాటు చేసినవారు ఊరికీ ఊరికీ మధ్య దూరం చూడలేదు. ముందుకు పోయిన బస్సు మళ్ళీ వెనుకకు, అడ్డదిడ్డంగా వందల మైళ్ళు తిరుగవలసి వచ్చింది. సామాను మోసే మనుషులు లేరు. పాడినవాళ్ళే పెట్టెలు ఎత్తి బస్సులో పెట్టుకోవాలి, దించుకోవాలి. నిద్ర బస్సు సీట్లలోనే. మాసిన బట్టలు ఉతుక్కునే వ్యవధి కూడ లేదు.

అన్నిటికంటె కష్టం చలి. ఉత్తర రాష్ట్రాలలో ఆ నెలలో వేడి సున్నాకు ఎంతో దిగువకు పడిపోతుంది. వారికిచ్చిన బస్సులు పాతవి. వెచ్చదనమిచ్చే హీటర్లు పనిచేయలేదు. ఒక బస్సు చెడిపోతే ఇంకొకటి, అదీ చెడిపోతే మరొకటి. ఒక అర్ధరాత్రి విస్కాన్సిన్ అడవి ప్రాంతంలో బస్సు ఆగిపోయింది. చలికి తట్టుకోలేక బస్సు నడిమధ్యనే వార్తాపత్రికలు తగులబెట్టి చేతులు కాచుకున్నారు. డ్రమ్ములు వాయించే కార్ల్ బంచ్ పాదాలు మంచుకు దెబ్బతిని ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చింది. వేదిక మీద వెలుగులో వారిని చూసి చప్పట్లు కొట్టినవారిలో ఈ సంగతి ఎందరికి తెలిసి ఉంటుంది?

ఫిబ్రవరి 2వ తేదీ మొదట ఖాళీగా ఉన్నది. ఒక్క రోజైనా విశ్రాంతి దొరికేది. కాని యాత్ర నడిపేవారు ఆ ఖాళీని కూడ వదలక అయోవా రాష్ట్రంలోని క్లియర్ లేక్ అనే ఊరిలో కచేరీ పెట్టించారు. మరుసటి కచేరీ మూర్‌హెడ్‌లో. సుమారు 590 కిలోమీటర్లు. మళ్ళీ ఆ చలిబస్సులో అంత దూరం పోలేక హాలీ ఒక చిన్న విమానం మాట్లాడాడు. ముందుగా చేరి, బట్టలు ఉతికించుకొని, కాస్త నిద్రపోవాలన్నదే అతని ఆశ. మనిషికి 36 డాలర్లు. పైలట్ గాక ముగ్గురికే చోటు.

హాలీ బృందంలోని వేలన్ జెన్నింగ్స్‌కు ఒక సీటు దక్కింది. కాని తోటి గాయకుడు జె.పి. రిచర్డ్‌సన్ ఫ్లూ జ్వరంతో ఉన్నందున అతనికి ఇచ్చివేశాడు. మరొక సీటు కొరకు టామీ ఆల్సప్, 17 ఏండ్ల రిచీ వాలెన్స్ నాణెం ఎగురవేసుకున్నారని ఆల్సప్ చెప్పాడు. పిల్లవాడు గెలిచాడు.

వేలన్ బస్సులో వస్తున్నాడని తెలిసి హాలీ వేళాకోళంగా, నీ బస్సు మళ్ళీ గడ్డకట్టాలి అన్నాడట. వేలన్ కూడ నవ్వుతూ, అయితే నీ విమానం కూలాలి అన్నాడట. స్నేహితుల పరాచికమే. అర్ధరాత్రి దాటాక విమానం లేచింది. కొద్ది నిమిషాలకే పొలంలో కూలింది. తెల్లవారిన తరువాత గాని కనుగొనలేకపోయారు. నలుగురిలో ఎవరూ మిగలలేదు. పైలట్ వయస్సు 21 ఏండ్లు. బయట ఏమీ కనబడనప్పుడు పరికరాలను బట్టి నడిపే అర్హత అతనికి లేదనీ, వాతావరణ హెచ్చరికలు అతనికి సరిగా అందలేదనీ విచారణలో తేలింది.

మరియా ఎలీనా ఈ వార్తను టెలివిజన్‌లో తెలిసికొన్నది. కొద్దికాలానికే ఆమె గర్భం పోయింది. రిచర్డ్‌సన్ కుమారుడు ఏప్రిల్‌లో పుట్టాడు, తండ్రి ముఖం చూడకుండానే. లబ్బక్‌లో హాలీ వివాహం జరిపించిన పాస్టరుగారే ఆరు నెలలు తిరగకముందే అతని సమాధి ఆరాధన జరిపించారు. పెండ్లి పుస్తకం, సమాధి పుస్తకం రెండూ చేతబట్టే పనిలో ఉన్న మాకు ఆ పాస్టరుగారి స్థితి తలచుకొంటే గుండె బరువెక్కుతుంది.

ఇంతా జరిగినా కచేరీలు ఆగలేదు. ఆ రాత్రే మూర్‌హెడ్‌లో కార్యక్రమం జరిపించారు. లోటు పూడ్చడానికి బాబీ వీ అనే 15 ఏండ్ల స్థానిక బాలుడిని వేదిక ఎక్కించారు. తరువాత రెండు వారాలు యాత్ర సాగింది. వేలన్ జెన్నింగ్స్ 2002 వరకు జీవించాడు, గొప్ప పేరు సంపాదించాడు. కాని తన నోటి నుండి వచ్చిన ఆ ఒక్క మాట తనను ఏండ్ల తరబడి వెంటాడిందని తానే చెప్పుకున్నాడు. అతని మాట వలన విమానం కూలలేదు. అది మనకు తెలుసు, అతనికీ తెలుసు. అయినా ఆ నవ్వులాట మాటను వెనుకకు తీసికొనే వీలు అతనికి లేకపోయింది.

వారం తరువాత ఆ సహోదరి వచ్చినప్పుడు మేము వద్దని చెప్పలేదు. సంగీతం పిల్లవానికి దేవుడిచ్చిన వరం, కూలి కూడ న్యాయమైనదే. అయితే పంపే ముందు ఆర్కెస్ట్రా యజమానిని కొన్ని సంగతులు అడగమన్నాము. రాత్రంతా వ్యాను నడిపే డ్రైవరు పగలు ఎప్పుడు నిద్రపోతాడు? నెలలో ఎన్ని రోజులు విశ్రాంతి? ఒంట్లో బాగా లేకపోతే కుర్రవానిని ఇంటికి ఎవరు చేరుస్తారు? ఈ ప్రశ్నలకు చిరాకుపడే మనిషి వద్దకు పంపవద్దన్నాము. ఆ యజమాని చిరాకుపడలేదు. ఇద్దరు డ్రైవర్లు ఉన్నారని వారిని పిలిచి చూపించాడట.

మన పెద్దలు గడప దాటేటప్పుడు 'వెళ్తాను' అననిచ్చేవారు కాదు. 'వెళ్ళి వస్తాను' అనిపించేవారు. చిన్నప్పుడు అది చాదస్తమని మేము నవ్వేవాళ్ళం. ఇప్పుడు నవ్వు రావడం లేదు. పోట్లాడుకొని వాకిలి దాటిన భర్తలు, విసుక్కొని బస్సెక్కిన కొడుకులు మన ఇండ్లలో ఎందరో ఉన్నారు.

ఆ కుర్రవాడు పోయిన సోమవారం బయలుదేరాడు. జుట్టు కత్తిరించుకోలేదని ఉదయం నుండి తల్లి సణుగుతూనే ఉన్నదట. వ్యాను వచ్చి ఆగగానే సణుగుడు మానివేసి, పులిహోర పొట్లం చేతిలో పెట్టి, "పోయి రా నాయనా" అన్నది. వాడు "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు.